పోస్టరు మీద ఎర్ర చుక్కలు

రాణిగారి బుగ్గ మీద నుంచి నెత్తురు కారుతున్నట్టుంది.

గాయత్రి గడప దగ్గరే ఆగిపోయింది. హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది. గది మధ్యలో పొడవాటి బల్ల. దాని మీద నిన్న సాయంత్రం తను పరిచి వెళ్ళిన సినిమా పోస్టరు. గుర్రం మీద రాజకుమారుడు, వెనక మేడ మీద నుంచి అతన్ని చూస్తున్న రాణి. నిన్న ఇద్దరూ క్షేమంగా ఉన్నారు. ఇవాళ రాణి బుగ్గ మీద, గుర్రం మెడ మీద, పైన నీలాకాశం మీద ఎర్రటి మరకలు.

బల్లకు అవతల ముగ్గురు నిలబడి ఉన్నారు. బయట చేపల చెరువులో నీళ్ళకు గాలి పట్టించే మర తిరుగుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"దీనికేనా అమ్మాయ్, నిన్ను ఏలూరు నుంచి పిలిపించింది?" అన్నాడు సోమరాజు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది గాయత్రికి.

"రాజుగారూ, నేను నిన్న దీనికి నీళ్ళు తగలనివ్వలేదండి. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపాను, అంతే."

"మరి ఈ రంగు ఎలా దిగింది? దానికదే దిగిందా?"

గాయత్రి హెల్మెట్ పక్కన పెట్టి బల్ల దగ్గరకు వచ్చింది.

సోమరాజుకు ఎనభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. ఇప్పుడు కొల్లేటి అంచున చేపల చెరువులు చూసుకుంటున్నాడు గానీ, కుర్రతనంలో నీళ్ళ మధ్యనున్న లంక ఊళ్ళల్లో టూరింగ్ టాకీసు నడిపాడు. డేరా, ప్రొజెక్టరు, జనరేటరు, పోస్టర్లు అన్నీ ఒకే పడవలో తిరిగేవి. లంకల్లో పోస్టరు అంటించడానికి పనికొచ్చే గోడలు ఉండేవి కావు. అందుకని పోస్టర్లను తుంగచాపలకు పిన్నులతో గుచ్చి, చాపను పడవలో నిలబెట్టి, డప్పు కొట్టుకుంటూ లంక చుట్టూ తిప్పేవాళ్ళు. టాకీసు మూతపడ్డాక వాటిని చుట్ట చుట్టి ఇనప్పెట్టెలో పెట్టాడు. అంటే ఈ పోస్టర్లకు గోడ తెలియదు, మైదా జిగురు తెలియదు, వాన తెలియదు. ఇంత మంచి కట్టను గాయత్రి ఎక్కడా చూడలేదు. హైదరాబాదు మ్యూజియంలో పాత కాగితాల సంరక్షణ నేర్చుకుని, ఏలూరు పవర్‌పేటలో చిన్న గది తీసుకుని పనిచేస్తున్నప్పటి నుంచి చూడలేదు, నేర్చుకున్న రోజుల్లో కూడా చూడలేదు.

ఆ కట్ట మీద ఇంట్లో పెద్ద గొడవే నడిచింది. సోమరాజు కొడుకు కూతురు ఇందుజ తాడేపల్లిగూడెంలో చిన్న సినిమా హాలు తెరవబోతోంది. లోపలికి అడుగుపెట్టగానే తాతగారి పోస్టర్లు కొత్తవాటిలా మెరుస్తూ కనిపించాలని ఆమె కోరిక. చిరుగులు పూడ్చాలి, వెలిసిన రంగులు మళ్ళీ నింపాలి. సోమరాజు ఒప్పుకోలేదు. చిరుగు కూడా నాదే, ముట్టుకోవద్దన్నాడు. చివరికి గాయత్రి వచ్చి మధ్యే మార్గం చెప్పింది. దుమ్ము దులుపుతాను, చిరుగుల కింద వెనక వైపు నుంచి పల్చటి కాగితం ఆసరా ఇస్తాను, ముందు వైపు ఒక్క చుక్క రంగు వెయ్యను. సోమరాజు ఒకే ఒక్క షరతు మీద తలూపాడు. నీళ్ళు తగలకూడదు.

"నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నానండి," అన్నాడు మూడో మనిషి. గూడెంలో ప్రింటింగ్, లామినేషన్ షాపు నడిపే కిరణ్. ఇందుజ పొద్దున్నే ఫోన్ చేస్తే వ్యాన్ వేసుకుని వచ్చేశాడు. "పాత ఇంకు దిగడం మొదలైతే ఆగదండి. ఒకటి మొదలైందంటే కట్ట మొత్తానికి అదే గతి. మధ్యాహ్నానికి గూడెం చేర్చి మెషిన్‌లో పెట్టేస్తే ఇంక కదలదు. బోర్డుకి అంటించేసి, పైన ప్లాస్టిక్ వేసేస్తే మీ మనవళ్ళు కూడా చూసుకోవచ్చు."

"వేడి మీద ప్లాస్టిక్ అంటుకుంటే మళ్ళీ ఊడదు కిరణ్‌గారూ. తర్వాత లోపల కాగితం పాడవుతుంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు."

"ఇప్పుడు మాత్రం మీరేం చేశారు మేడమ్?"

ఆ మాటకు గాయత్రి ముఖం ఎర్రబడింది. ఇందుజ తల పక్కకు తిప్పుకుంది. కోపం కన్నా ఏడుపు ఎక్కువగా కనిపిస్తోంది ఆ పిల్ల ముఖంలో.

"ఇంక నా మాటేం లేదు," అన్నాడు సోమరాజు. "ముట్టుకోవద్దు మొర్రో అన్నాను. విన్నారా? అమ్మడూ, తీసుకుపోండి. ఏం చేసుకుంటారో మీ ఇష్టం."

కిరణ్ మూలనున్న ఇనప్పెట్టె వైపు నడిచాడు.

"కట్ట కట్టుకోండి," అంది గాయత్రి. "వద్దనను. మీరు కట్టేలోపు నన్ను ఒక్కసారి చూడనివ్వండి."

ఆమె సంచిలోంచి భూతద్దం తీసి బల్ల మీదకు వంగింది.

ముందు రాణి చీర చూసింది. పోస్టరులో ఎర్ర ఇంకు పడిన చోటు అదొక్కటే. చీర అంచులు గీత గీసినట్టు నిలబడి ఉన్నాయి. ఎక్కడా చెదరలేదు. కొంగు పక్కనే ఉన్న తెల్ల స్తంభం తెల్లగానే ఉంది.

గాయత్రి తలెత్తింది.

"ఇందుజా, ఇలా రా. చీర రంగు దిగితే ముందు ఎక్కడ అంటుకోవాలి?"

ఇందుజ అయిష్టంగానే వంగింది. "పక్కన."

"పక్కన ఏమైనా ఉందా?"

"లేదు."

"ఆకాశంలో ఉంది. ఆకాశంలో ఎర్ర ఇంకు ఎక్కడిది? అదిగో, ఈ తెల్ల అంచు మీద చూడు. ఇక్కడ అసలు అచ్చే లేదు. ఇక్కడెలా దిగుద్ది?"

కిరణ్ పెట్టె మూత దగ్గర ఆగాడు. సోమరాజు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఇది పోస్టరులోంచి వచ్చిన రంగు కాదు," అంది గాయత్రి. "బయట నుంచి పడింది."

ఆమె గొంతులో బెరుకు పోయింది. ఇప్పుడు మరకల ఆకారం చూసింది. పోస్టరు మీదవి గుండ్రటి చుక్కలు. బల్ల మీద పరిచిన గోధుమరంగు కాగితం మీదకు వచ్చేసరికి అవే చుక్కలకు తోకలు మొలిచాయి. ఆ తోకలన్నీ కిటికీ వైపే చూస్తున్నాయి. కిటికీ దిమ్మ మీద ఒక చార. చువ్వల్లోంచి తొంగి చూస్తే కింద అరటిచెట్టు ఆకు మీద ఇంకా ఎరుపు తడి మెరుస్తోంది.

"ఎవరో గిన్నెతోనో పళ్ళెంతోనో ఎర్రటి నీళ్ళు తెచ్చారు. పోస్టరు మీద కొన్ని తొణికాయి. మిగతావి కిటికీలోంచి పారబోశారు."

గది ఒక్కసారిగా ఇరుకైనట్టయింది. తలుపుకు తాళం వేసే అలవాటు ఈ ఇంట్లో లేదు. గొళ్ళెం తీస్తే ఎవరైనా రావచ్చు.

గాయత్రి చూపు కిరణ్ చేతుల మీద పడింది. వేళ్ళ కొసలు, గోళ్ళ సందులు ఎర్రగా ఉన్నాయి.

అతను అది గమనించాడు. "జాతర ఫ్లెక్సీలండి బాబూ. అమ్మవారి ముఖానికి ఎరుపు ఎక్కువ పడుద్ది. నేను గూడెంలో లేచింది ఇందుజగారి ఫోన్‌కి. కావాలంటే మా ఆవిడ్ని అడగండి."

"మీరు చేశారని నేననలేదు కదండీ."

"నోటితో అనలేదులెండి. కళ్ళతో అనేశారు."

"నేనూ రాత్రి ఇక్కడే పడుకున్నాను," అంది ఇందుజ. "అడగాలనుకుంటే నన్ను కూడా అడగండి అక్కా. నాకు కొత్తగా కావాలి గానీ, దాన్ని పాడుచేసి తీసుకెళ్ళాలని లేదు."

గాయత్రి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అనుమానాలతో పని జరగదు. ముందు ఆ ఎరుపేమిటో తేలాలి. సంచిలోంచి చిన్న సీసా తీసింది. పల్చటి వెనిగరు. పుల్ల కొసకు దూది చుట్టి, అందులో ముంచి, తడి పిండేసి, అచ్చు లేని తెల్ల అంచు మీది ఒకే ఒక్క చుక్కకు ఆనించింది.

నలుగురూ వంగి చూశారు.

ఎరుపు కాస్సేపు అలాగే ఉంది. తర్వాత అంచుల నుంచి లోపలికి రంగు మారుతూ వచ్చింది. నారింజ. తర్వాత పసుపు. నిఖార్సయిన పసుపు.

గాయత్రి దూది వైపు చూసింది. అదీ పసుపే. ఆమె పక్కనున్న మేత బస్తా మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని ఇందుజ దగ్గరకు వచ్చింది. ఏడుపు కాదు, నవ్వు.

"పులుపు తగిలితే పసుపయ్యే ఎరుపు నాకు తెలిసి మన ఇళ్ళల్లో ఒక్కటేనండి. పసుపూ, సున్నం."

ఇందుజ కళ్ళు పెద్దవయ్యాయి. "ఎర్రనీళ్ళా? దిష్టి తీసేవా?"

"అవే. మీ రాణిగారికి ఎవరో దిష్టి తీశారు."

కిరణ్ నవ్వు ఆపుకోవాలని చూసి ఓడిపోయాడు. "పోస్టరుకి దిష్టేంటండీ. నేను ఫ్లెక్సీలకి కూడా చూడలేదు."

"మరి పోతుందా అక్కా ఇది?" ఇందుజ ఇంకా భయం వదల్లేదు.

"పోతుంది. భయం లేదు. సున్నం కాగితానికి చెరుపు చెయ్యదు సరికదా, పాత కాగితంలో పులుపు, అంటే ఆమ్లం, విరగడానికి మా ల్యాబులో మేమే సున్నపు తేట వాడతాం. ఇక మిగిలేది పసుపు మరక. అన్నంలో కలిపిన పప్పు చీర మీద పడితే ఏం చేస్తాం? ఎండలో ఆరేస్తాం, పోతుంది. ఇక్కడ పోస్టరంతా నల్ల కాగితంతో కప్పి, చుక్క ఉన్నచోట మాత్రం చిల్లు పెట్టి వెలుతురు తగలనిస్తాను. రాణిగారికి వీసమెత్తు నష్టం లేదు."

ఇందుజ గట్టిగా ఊపిరి వదిలి గోడకు చేరగిలబడింది. కిరణ్ పెట్టె మూత మీద కూర్చున్నాడు. పొద్దుటి నుంచి బిగుసుకుపోయిన గది కాస్త వదులైంది. సోమరాజు ఒక్కడే కిటికీ దగ్గరకు వెళ్ళి చెరువు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మామ్మా," అని కేకేసింది ఇందుజ. "ఒకసారి ఇలా రా."

కాంతం పెరట్లో కొరమీను తోముతోంది. చేతికంటిన బూడిద కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది. సోమరాజు భార్య. తమలపాకు నమిలి నమిలి పండిన పెదాలు. బల్ల వైపు చూసి, "అయ్యో, ఇదేంటే," అంది.

"నువ్వే చెప్పాలి. దిష్టి తీసింది నువ్వేగా?"

"నేనా? దేనికి?"

"పోస్టరుకి."

కాంతం మనవరాలిని ఎగాదిగా చూసింది. "దిష్టి తియ్యాలంటే ముందు నీకు తియ్యనా? నిన్న ఊరి జనమంతా వచ్చి ఫోటోలు తీసుకుంటా, 'ఏళ్ళు గడిచినా చెక్కు చెదరలేదండీ, నిన్న అచ్చేసినట్టుందండీ' అంటుంటే నాకూ భయమేసింది. తీద్దామనే అన్నాను. మీ తాత అందరి ముందూ నవ్వేశారు కదా. కాగితానికి దిష్టేంటే, నీకు మతి పోయిందా అన్నారు. ఆ తర్వాత నేనెందుకు తీస్తాను?"

అది నిజమే. నిన్న గాయత్రి కూడా అక్కడే ఉంది. ఈ ఇంట్లో దిష్టి మాటెత్తితే సోమరాజు ఊరుకోడని చెరువుల మీద పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. మేత తెచ్చే కొత్త వ్యానుకు డ్రైవరు నిమ్మకాయా మిరపకాయలూ కడితే, ఆ నిమ్మకాయ ఊడబీకి మజ్జిగలో పిండుకుని తాగిన మనిషి.

"పోనీ, చేపలు తోమడానికొచ్చే అమ్మాయా?" అంది ఇందుజ.

"అది ఇవాళ రాలేదే." కాంతం ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "ఆగండి. పొద్దున పెరట్లో నూతి పక్కన నా కంచు పళ్ళెం బోర్లించి ఉంది. అంచుకి ఎర్రగా అంటుకుని ఉంటే కుంకుమ అనుకుని తోమి లోపల పెట్టాను. నా సున్నపు డబ్బీకి మూత లేదు. నేను మూత పెట్టకుండా ఎప్పుడూ పడుకోను."

చెబుతూ చెబుతూ ఆమె చూపు గదంతా తిరిగి కిటికీ దగ్గర నిలిచింది. సోమరాజు కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకుంటున్నాడు. అద్దాలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. ఆయన తుడుస్తూనే ఉన్నాడు.

కాంతం బుగ్గలో తమలపాకు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారింది.

"ఎవరు మామ్మా?"

"ఏమో. నాకేం తెలుసు."

కిరణ్ లేచాడు. నవ్వు తగ్గాక అతనికి మళ్ళీ వ్యాపారం గుర్తొచ్చింది. "చూడండి ఇందుజగారూ. ఇవాళ దిష్టినీళ్ళు కాబట్టి సరిపోయింది. రేపు ఇంకొకరు ఇంకోటి పోస్తారు. ఎవరు పోశారో కూడా తెలియని ఇంట్లో ఎలా ఉంచుతారండీ? ప్లాస్టిక్ వేసేస్తే సాంబారు పోసినా తుడిస్తే పోద్ది."

ఇందుజ ఆలోచనలో పడింది. గాయత్రి పెట్టె వైపు చూసింది. తన మీద పడిన నింద పోయింది గానీ కట్ట ఇంకా కిరణ్ చేతికి అందేంత దూరంలోనే ఉంది.

"అతను చెప్పేదీ నిజమే అక్కా," అంది ఇందుజ. "ఎవరో తేలితే సరే. తేలకపోతే నేను తీసుకెళ్ళిపోతాను. నాకు ధైర్యం చాలదు."

"నాకూ తెలియాలి," అంది గాయత్రి. "ఈ చుక్కలు తీసెయ్యాలో ఉంచెయ్యాలో చెప్పాలంటే ఎవరు వేశారో తెలియాలి. ఎవరో ఆకతాయి పని అయితే రేపే తీసేస్తాను. దీన్ని ప్రాణంలా చూసుకునేవాళ్ళ చేతిలోంచి తొణికితే మాత్రం నా చేత్తో నేను తియ్యను. ఇన్నేళ్ళలో ఈ పోస్టరుకు జరిగినవాటిలో అదీ ఒకటి. హాల్లో నీకు మెరిసేది కావాలంటే కిరణ్‌గారు మంచి ఫోటో తీసి, నిలువెత్తున కొత్తది అచ్చేస్తారు. దానికి ఎన్ని రంగులైనా వేసుకో. ఇది మాత్రం ఇలాగే ఉండనీ."

కిరణ్ ముఖం వెలిగింది. "నిలువెత్తు ఎందుకండీ, గోడంత వేసిస్తాను. అన్నీ వేసిస్తాను."

"మరి ఎవరో తేలాలిగా," అంది ఇందుజ. "మామ్మా, నీకు తెలుసు. నీ ముఖం చూస్తే నాకు తెలుస్తోంది."

కాంతం కొంగు వేలికి చుట్టుకుంది. "చీకటి ఉండగానే లేచేవాళ్ళు."

"చెరువు కాపలా ఆయనా అండి?" అన్నాడు కిరణ్.

"కాదయ్యా. ఈ ఇంట్లోవాళ్ళే. కంటిలో పొర ఉంది, ఆపరేషన్ చేయించుకోండి అంటే వచ్చే ఏడాది చూద్దాం అనేవాళ్ళు. ఆ చీకట్లో చుక్కలు తొణికినా వాళ్ళకి కనబడవు. పాపం, తొణికిందని వాళ్ళకే తెలియదు. తెలిస్తే ఈ అమ్మాయిని అలా అనేవాళ్ళా?"

కిటికీ దగ్గర కళ్ళజోడు తుడవడం ఆగింది.

"ఇంకా చెప్పు," అంది ఇందుజ. ఆమె పెదవుల మీద నవ్వు మొలుస్తోంది.

"నా ముందు నవ్వి, నా వెనక నా పళ్ళెమే తీసుకునేవాళ్ళు."

"పేరు చెప్పు మామ్మా."

"చెప్పానుగా."

"పేరు చెప్పలేదు. అక్కకీ కిరణ్‌గారికీ సాక్ష్యం చూపించడానికి నాకు పేరు కావాలి. అప్పుడే పెట్టె ఇక్కడ ఉంటుంది."

అప్పుడు గాయత్రికి అర్థమైంది. పెళ్ళినాటి నుంచి ఈవిడ భర్త పేరు నోటితో పలికి ఉండదు. ఓటరు కార్డు వాళ్ళు వచ్చినా, బ్యాంకులో అడిగినా, పక్కనున్న వాళ్ళ చేత చెప్పించే తరం. "మీ తాత", "మా ఇంట్లోవాళ్ళు", "ఏవండీ" తప్ప నాలుగో మాట లేదు.

"ఏవండీ," అంది కాంతం కిటికీ వైపు తిరిగి. "మీరే చెప్పేయొచ్చు కదండీ."

సోమరాజు చెరువు వైపే చూస్తున్నాడు. చెవులు మాత్రం బాగా ఎర్రబడ్డాయి. "నాకేం తెలుసే," అన్నాడు. "నువ్వు కనిపెట్టావు, నువ్వే చెప్పు. చెప్పలేవుగా."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

కాంతం బుగ్గలోని తమలపాకు మింగేసింది. కొంగు భుజం నిండా కప్పుకుంది. పోస్టరులో ఎర్ర చుక్కతో నిలబడ్డ రాణిని ఒకసారి చూసి, నవ్వు బిగబట్టుకుని, గదిలో అందరికీ వినపడేలా అంది.

"సోమరాజుగారు."